గొట్టం అతికింది, సంపు సంగతేమిటి?

ప్రశ్న: మేము హైదరాబాద్ శివారులో సొంత ఇంట్లో ఉంటున్నాం. మా వీధి మలుపులో కేబుల్ కోసం తవ్వుతుంటే మంచినీళ్ల మెయిన్ పైపు పగిలింది. రెండు రోజులు నీళ్లు లేవు. మూడో రోజు తెల్లవారుజామున వదిలారు. మేము నిద్ర లేచేసరికే గంటసేపు ఎర్రమట్టి నీళ్లు సంపులోకి దిగిపోయాయి. మధ్యాహ్నానికి నీళ్లు తేటపడ్డాయి కానీ బ్లీచింగ్ వాసన గుప్పుమంటోంది. మా వారు "ఆర్వో మిషను ఉండగా భయం ఎందుకు" అంటారు. మా అత్తగారు "మేము చెరువు నీళ్లు తాగి పెరగలేదా, కాస్త పటిక తిప్పితే సరి" అంటారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడేమో ఫోను చేసి "వారం రోజులు కాచుకుని తాగండి" అన్నాడు. ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉంది. ఎవరి మాట వినాలి? 5,000 లీటర్ల సంపు మొత్తం తోడి పోయాలా?
తా.క.: నిన్న సాయంత్రం చూసుకోకుండా ఆ నీళ్లతోనే ఇడ్లీ పిండి రుబ్బాను. పారేయమంటారా?

సమాధానం: అమ్మా, ముందు లేచి వెళ్లి సంపు మోటారు స్విచ్ ఆపేసి రండి. మిగతాది తరువాత చదవవచ్చు. మోటారు తిరిగిన ప్రతిసారీ సంపు అడుగున ఉన్న మట్టి కొంత పై ట్యాంకుకు ఎక్కుతుంది, అక్కడి నుంచి వంటింటి కుళాయిలోకి దిగుతుంది. ఇప్పుడు ఆపితే మీరు కడగాల్సింది బహుశా ఒక్క సంపే. రేపు ఆపితే రెండూ.

మీ ఉత్తరం చదువుతుంటే "మధ్యాహ్నానికి నీళ్లు తేటపడ్డాయి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. తేటపడింది వీధి గొట్టంలో నీళ్లు. తెల్లవారుజామున వచ్చిన ఆ గంటసేపటి నీళ్లు వీధిలో ఎప్పుడో కొట్టుకుపోయాయి. మీ సంపులో మాత్రం పదిలంగా ఉన్నాయి. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లలో మనం చేసుకున్న ఏర్పాటే ఇది. వచ్చినప్పుడు పట్టి దాచుకుంటాం, మంచినీళ్లయినా మురికినీళ్లయినా. అందుకే ఇలాంటప్పుడు అందరూ అడిగే "గొట్టం అతికించారా?" అన్న ప్రశ్న నాకు పెద్దగా పనికిరాదు. సంపు ఎప్పుడు కడిగారు అన్నది చెప్పండి, మీ ఇంట్లో నీళ్లు ఎప్పుడు బాగుపడ్డాయో చెబుతాను.

మీ తమ్ముడు చెప్పింది అక్కడి పద్ధతి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుపాను పట్టుకున్నప్పుడు గొట్టాలు పగిలి, ఒత్తిడి పడిపోయి, లక్షల మందిని నీళ్లు కాచుకుని తాగమన్నారు. అక్కడ నమూనాలు తీసి, పరీక్షలో బాగున్నాయని తేలాకే ఆ సూచన ఎత్తేస్తారు. ఆ తరువాత ఇంట్లో కుళాయిలు కాసేపు తిప్పి వదిలితే సరిపోతుంది. మామూలు ఇళ్లలో దాచుకునే సంపు ఉండదు కాబట్టి. అతని సలహాలో కాచుకోవడం నూటికి నూరుపాళ్లు సరైనది. "వారం రోజులు" మాత్రం కాదు. మీ లెక్క రోజులతో తేలదు, సంపుతో తేలుతుంది.

అసలు గొట్టం పగిలితే నీళ్లు పాడవడం ఎందుకు? మట్టి కలవడం వల్ల అనుకుంటాం. మట్టి కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని మీద పడతాం. గొట్టం నిండుగా, ఒత్తిడితో పారుతున్నంతసేపూ ఎక్కడైనా చిన్న చిల్లు ఉంటే నీళ్లు బయటికి చిమ్ముతాయి, బయటిది లోపలికి రాలేదు. ఒత్తిడి పోయిందంటే అదే చిల్లు లోపలికి పీల్చుకుంటుంది. మన వీధుల్లో మంచినీళ్ల లైను, మురుగు లైను పక్కపక్కనే నడుస్తాయి. రెండు రోజులు ఖాళీగా పడున్న గొట్టంలోకి చుట్టూ ఉన్న తడి మట్టిలో ఏముంటే అది ఊరుతుంది. పగిలిన చోటే కాదు, కిలోమీటరు అవతల ఏనాటి నుంచో కారుతున్న అతుకు దగ్గరా అంతే. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. అవి పత్రికల్లోకి ఎక్కాయి. ఎక్కనివి ఇంటింటా రెండు రోజుల విరేచనాలతో, "బయట ఏదో తిన్నాడు" అన్న మాటతో ముగిసిపోతాయి.

ఈ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న కోపం వెళ్లగక్కుకుంటాను. నీళ్లు సన్నగా వస్తున్నాయని కుళాయి లైనుకే నేరుగా మోటారు బిగించేవాళ్లు ఉన్నారు. మీ వీధిలోనూ ఉంటారు. ఆ మోటారు నీళ్లను మాత్రమే లాగదు. లైనులో ఒత్తిడిని పడగొట్టి, దారిలో ఉన్న ప్రతి చిల్లు నుంచి మురుగును కూడా లాగుతుంది. గొట్టం పగలకుండానే, రోజూ, అందరి ఇళ్లకూ. ఒడిశాలోని పూరీలో 2021 నుంచి కుళాయి నీళ్లు నేరుగా తాగేలా ఇస్తున్నారు. దాని కిటుకులో సగం 24 గంటలూ గొట్టంలో ఒత్తిడి ఉంచడమే.

ఇక తేట గురించి. నేను చాలాకాలం నీటి పరీక్షల గదిలో పనిచేశాను. అక్కడ హెచ్‌2ఎస్ సీసా అని ఒకటి వాడేవాళ్లం. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1982లో ప్రకటించిన పరీక్ష అది. చిన్న సీసా, లోపల మందు పట్టించిన కాగితం ముక్క. గీత వరకు నీళ్లు పోసి మూత పెట్టి, వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలం కలిసిన నీళ్లయితే చాలావరకు నల్లబడతాయి. ఒకసారి ఒక పెద్దావిడ తళతళలాడే స్టీలు చెంబులో నీళ్లు తెచ్చారు. అడుగున చెక్కిన పేరు అక్షరం అక్షరం చదవగలిగేంత తేట. "ఇంత మంచి నీళ్లకు పరీక్ష ఎందుకు బాబూ, మా కోడలి చాదస్తం" అన్నారు. మర్నాడు ఉదయానికి ఆ సీసా కాటుక డబ్బాలా ఉంది. మళ్లీ వచ్చినప్పుడు ఆవిడ చేతికిచ్చాను. ఏమీ అనకుండా సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. మీ అత్తగారితో వాదించవద్దు. అలాంటి సీసా ఒకటి తెచ్చి పెట్టండి.

పటికను తీసిపారేయడం లేదు. చిల్లగింజ అరగదీసినా, పటిక తిప్పినా మట్టి అడుగుకు చేరుతుంది, మట్టితో పాటు కొన్ని క్రిములు కూడా దిగుతాయి. కొన్ని మాత్రమే. తేర్చడం వరకే దాని పని, చంపడం దానికి రాదు. కాచడానికి ముందు మెట్టుగా అది చక్కగా పనికొస్తుంది. చెరువు నీళ్లు తాగి పెరిగినవాళ్ల మాటకు నా దగ్గర ఒకటే జవాబు: పెరగనివాళ్లు ఇవాళ మాట్లాడటానికి లేరు. ఇది మాత్రం ఆవిడకు చదివి వినిపించకండి.

మీ వారి ఆర్వో మిషను సంగతి కొంచెం చిక్కు. కొత్త పొర, బిగుతైన అతుకులు, మామూలు నీళ్లు అయితే అది క్రిముల్ని ఆపగలదు. ఆ హామీ మట్టినీళ్లకు వర్తించదు. ముందుండే వడపోత గొట్టం బురదతో మూసుకుపోతుంది. యూవీ దీపం ఉన్నా, మబ్బు పట్టిన నీళ్లలో దాని కాంతి దూరదు, మట్టిరేణువు చాటున క్రిమి హాయిగా ఉంటుంది. పొరలో సన్నని చీలిక వచ్చినా, పక్క నుంచి నీళ్లు జారినా బయటికి ఏ గుర్తూ తెలియదు. చివరికి వడకట్టిన నీళ్లు చేరేది మిషను కడుపులో ఉన్న ప్లాస్టిక్ తొట్టెలోకి. అది ఒకసారి పాడైతే తరువాత ఎంత మంచి నీళ్లు వచ్చినా అందులోనే కలుస్తాయి. మిషనును ఇప్పటికి ఆపేయండి. సంపు, ట్యాంకు కడిగాక మెకానిక్‌ను పిలిచి ముందు వడపోతలు మార్పించి, తొట్టె కడిగించి, మొదటి రెండు తొట్టెల నీళ్లు గిన్నెలు తోమడానికి వాడుకోండి. క్యాండిల్ ఫిల్టరు ఉన్నవాళ్లకూ ఇదే. క్యాండిల్ బ్యాక్టీరియాను చాలావరకు ఆపుతుంది, వైరస్‌లను ఆపలేదు.

బ్లీచింగ్ వాసనకు భయపడకండి. నాకైతే మీ ఉత్తరంలో సంతోషం కలిగించిన కబురు అదొక్కటే. మరమ్మతు తరువాత మందు కాస్త ఎక్కువగానే వేశారన్నమాట. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, వైరస్‌ల భయం ఉన్నప్పుడు 0.5. మిగిలి ఉండాలి అన్నది ముఖ్యం. బురద ఉంటే క్లోరిన్ ఆ బురదతో పోరాడటంలోనే ఖర్చయిపోతుంది. వీధి కుళాయిలో వాసన వచ్చిన నీళ్లు మీ సంపులో పడిన గంటకు ఏ వాసనా లేకుండా పోతే, అది శుభవార్త కాదు. లైన్‌మన్ దగ్గర క్లోరిన్ చూసే చిన్న గొట్టం, మందు సీసా ఉంటాయి. నాలుగు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరగాలి. జలమండలి ఫిర్యాదుల నంబరు 155313కు ఫోను చేసి, మీ ఇంటి కుళాయి దగ్గరే పరీక్ష చేయమని అడగండి. రిజర్వాయరు దగ్గర ఎంత ఉందన్నది మీకు అక్కరలేదు.

సంపు కడిగేవరకు కాచుకోవాల్సిందే. నీళ్లు మసకగా ఉంటే ముందు తేరనిచ్చి, పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి వడగట్టండి. తరువాత కాచండి. అడుగున సన్న బుడగలు లేవడం కాగడం కాదు. సలసల కాగుతూ గిన్నె అంతా పొర్లాలి, అలా పొర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. పావుగంట, అరగంట మరిగించడం గ్యాసు దండగ. నీళ్లు పాడయ్యేది ఎక్కువగా పొయ్యి దించాకే. కాచిన నీళ్లను పచ్చి నీళ్లతో తొలిచిన బిందెలో పోస్తారు, పిల్లలు గ్లాసు, గ్లాసుతో పాటు వేళ్లు ముంచుతారు. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చండి, కాడ ఉన్న గరిటెతోనే తీయండి. గ్యాసు లేకపోతే 20 లీటర్లకు ఒకటి వేసే క్లోరిన్ మాత్రలు ఉంటాయి. తేర్చి వడగట్టిన నీళ్లలో వేసి అరగంట ఆగాలి.

తాగే నీళ్లు కాచుకుని ధీమాగా ఉండే ఇళ్లలో పచ్చి నీళ్లు వేరే దారిన నోట్లోకి వెళ్లడం చాలాసార్లు చూశాను. అన్నం కాచిన నీళ్లతో వండరు, అక్కరలేదు కూడా, ఎలాగూ ఉడుకుతుంది. మజ్జిగలోకి మాత్రం కుళాయి కింద గ్లాసు పెడతారు. నిమ్మకాయ నీళ్లు, ఫ్రిజ్‌లో మంచు గడ్డలు, పళ్లు తోముకుని పుక్కిలించడం, దించిన పప్పు మీద చల్లే కొత్తిమీర కడగడం, చివరికి మీ అత్తగారి పూజగదిలో తీర్థం చెంబు. వీటన్నిటికీ కాచి చల్లార్చిన నీళ్లే. స్నానానికి, బట్టలకు, మరుగుదొడ్డికి మామూలు నీళ్లు వాడుకోండి. తోమిన గిన్నెలను చివరగా వేడినీళ్లతో తొలిచి, పూర్తిగా ఆరనివ్వండి.

నీళ్లు కిరోసిన్, డీజిల్, రంగుల మందు లాంటి వాసన వేస్తే మాత్రం కాచడం మందు కాదు. అలాంటి నీళ్లు వంటకు కూడా ముట్టుకోవద్దు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడోలో సరస్సు నాచు నుంచి వచ్చిన విషం కుళాయిల్లోకి చేరినప్పుడు ప్రజలకు కాచవద్దనే చెప్పారు. కాస్తే నీళ్లు ఆవిరై విషం ఇంకా చిక్కబడుతుంది. మీది మట్టి, మురుగు సమస్య కాబట్టి కాచడం పనిచేస్తుంది.

ఇప్పుడు సంపు. 5,000 లీటర్లూ వీధిలోకి వదలనక్కరలేదు. పైనుంచి బకెట్లతో తోడి మొక్కలకు, వాకిలి కడగడానికి, మరుగుదొడ్డికి వాడుకోండి. అడుగు మట్టం నీళ్లు బురదతో సహా తీసేయాలి. మనిషిని లోపలికి దించే ముందు ఇంటి మెయిన్ స్విచ్ ఆపండి, మోటారు స్విచ్ ఒక్కటే చాలదు. మూత తీసి గాలి ఆడనివ్వండి, పైన ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. సంపుల్లో కరెంటు కొట్టి, ఊపిరాడక పోయిన ప్రాణాలు ఏటా పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. గోడలు, నేల బ్రష్షుతో రుద్ది ఆ నీళ్లు తీసేశాక, ప్లాస్టిక్ బకెట్‌లో బ్లీచింగ్ పొడి కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటతో గోడలు తడిపి అరగంట వదిలి మళ్లీ కడగండి. ఈ పని బయట నిలబడి పొడవాటి కర్ర బ్రష్షుతో చేస్తే మేలు, ఆ ఘాటు మూసిన చోట ఊపిరి పట్టేస్తుంది. బాత్రూం యాసిడ్‌ను దాని దరిదాపులకు కూడా తేవద్దు, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. పై ట్యాంకుకూ ఇదే వరుస.

కొత్త నీళ్లు నిండాక వెయ్యి లీటర్లకు 5 గ్రాముల చొప్పున తాజా బ్లీచింగ్ పొడి, అంటే మీ సంపుకు 25 గ్రాములు, కిరాణా కొట్టులో తూయించి తెచ్చి, బకెట్‌లో కలిపి, పైతేట మాత్రమే సంపులో పోసి గంట ఆగండి. మూత తెరిచి ఏడాదిగా అటక మీద పడున్న పొడి అయితే దానిలో బలం ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. తరువాత ఇంట్లో ప్రతి కుళాయినీ ఆ వాసన తగిలేవరకు వదలండి. కుళాయి మూతికుండే జాలీ విప్పి చూడండి, బురద అక్కడే దాక్కుంటుంది. అలా కడిగాక వరుసగా రెండుసార్లు వచ్చిన నీళ్లు తేటగా, క్లోరిన్‌తో ఉంటే, హెచ్‌2ఎస్ సీసా నల్లబడకపోతే, కాచడం మానేయవచ్చు. ఈలోపు ట్యాంకర్ తెప్పించుకుంటే ఆ నీళ్లు కూడా కాచుకోండి.

ఇంకోసారి పైపు పగిలిందని తెలిసిన వెంటనే మీటరు దగ్గరి వాల్వు కట్టేయండి. అది ఒక్కటి చేసి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. నీళ్లు వదిలాక తెల్ల బకెట్‌లో పట్టి చూసి, అడుగు తెల్లగా కనిపించాకే సంపులోకి పంపండి.

పాప గురించి రాయకుండా ముగించలేను. తల్లిపాలు ఇస్తుంటే అవే పట్టండి, ఆపవద్దు. పొడి పాలయితే కాచిన నీళ్లు పూర్తిగా చల్లారకముందే, దించిన అరగంటలోపు కలిపి, కలిపాక చల్లార్చండి. సీసా, పీక రోజూ మరిగించండి. స్నానంలో నీళ్లు మింగకుండా చూడండి. విరేచనాలు మొదలైతే ఒక లీటరు ఓఆర్‌ఎస్ పొట్లాన్ని కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తంగా కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పడుతూ డాక్టరు దగ్గరకు వెళ్లండి. పిల్లలకు డాక్టర్లు జింకు కూడా 14 రోజులు ఇస్తారు. ఇంట్లో ఎవరికైనా సరే, గంజి నీళ్లలా విరేచనాలు అవుతుంటే, కళ్లు లోతుకు పోతే, మూత్రం తగ్గితే తెల్లవారేదాకా ఆగవద్దు. కలరా గంటల్లో మనిషిని పిండేస్తుంది. టైఫాయిడ్ బయటపడటానికి ఒకటి నుంచి మూడు వారాలు, నీళ్ల ద్వారా వచ్చే కామెర్లకు రెండు నుంచి ఆరేడు వారాలు పట్టవచ్చు. అప్పుడు జ్వరం వస్తే ఈ పైపు సంగతి డాక్టరుకు గుర్తుచేయండి, ఆయనంతట ఆయనకు తట్టదు. వీధిలో గర్భిణులు ఎవరైనా ఉంటే ఈ మాట వాళ్లకు ముందు చెప్పండి, కామెర్లలో ఇ రకం (హెపటైటిస్ ఇ) వాళ్లకు ప్రాణాంతకం కావచ్చు.

ఇక మీ తాజా కలం. పిండి పారేయకండి. ఇడ్లీ పది పన్నెండు నిమిషాలు ఆవిరిలో ఉడుకుతుంది, ఆ వేడికి క్రిములు నిలవవు. అదే పిండితో దోసె పోస్తే పల్చగా, బాగా కాలనివ్వండి. పచ్చిపిండి గరిటెను చట్నీ గిన్నెలో పెట్టకండి. పిండి పులిసిందో లేదో వేలితో రుచి చూసే అలవాటు ఉంటే ఈసారికి మానుకోండి. కొబ్బరి చట్నీ రుబ్బేటప్పుడు మిక్సీలో పోసే ఆ పావుగ్లాసు నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే కావాలి.